ఫ్లోరెన్స్ నైటింగేల్: చేతులు చాలని వార్డుకు దారి చూపిన నర్సు

2025 నవంబర్ 4న ఛత్తీస్‌గఢ్‌లోని గతౌరా, బిలాస్‌పూర్ స్టేషన్ల మధ్య ప్యాసింజర్ రైలు ఒకటి గూడ్సు రైలును వెనుక నుంచి ఢీకొన్నది. పది మందికి పైగా మరణించారు. క్షతగాత్రులను బిలాస్‌పూర్ ఆసుపత్రులకు తరలించారు. రైల్వే కొలువుల కోసం వెళ్లిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన ప్రాంతమది. ఇటువంటి దుర్ఘటన ఎక్కడ జరిగినా తొలి భారం మోసేది అత్యవసర విభాగపు నర్సులే. రోగులు ఒక్కుమ్మడిగా వస్తారు. సిబ్బంది మాత్రం పెరగరు. సుమారు 170 ఏళ్ల కిందట ఫ్లోరెన్స్ నైటింగేల్‌కు ఎదురైన సమస్య కూడా ఇదే.

ఆమె 1820 మే 12న ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో సంపన్న ఆంగ్ల కుటుంబంలో జన్మించారు. నర్సు వృత్తిని ఇంటివారు అంగీకరించకపోయినా, 1851లో జర్మనీలోని కైజర్స్‌వర్త్‌లో శిక్షణ పొందారు. 1853లో లండన్ హార్లీ వీధిలోని చిన్న ఆసుపత్రికి పర్యవేక్షకురాలయ్యారు. ప్రతి అంతస్తుకు వేడినీటి గొట్టాలు, భోజనాన్ని పైకి చేర్చే లిఫ్టు, ఏ రోగి పిలిచారో తెలిపే గంటలు కావాలని అక్కడ పట్టుబట్టారు. మెట్లెక్కి దిగడంలోనే నర్సు సత్తువ హరించుకుపోతే రోగి దగ్గర నిలిచేవారుండరని ఆమె గ్రహించారు.

1854 నవంబర్ మొదటి వారంలో, క్రిమియా యుద్ధ సమయాన, 38 మంది నర్సులతో ఆమె టర్కీలోని స్కుటారి సైనిక ఆసుపత్రికి చేరారు. ఇంకెర్మన్ పోరులో గాయపడినవారు ఆ వెంటనే వచ్చిపడ్డారు. రోగులు వేలల్లో ఉండగా చొక్కాలు, పాత్రలు, సబ్బు సైతం కరవయ్యాయి. సమస్తం నర్సుల చేతుల మీదుగానే సాగాలని ఆమె భావించలేదు. ఒక ఇల్లు తీసుకొని, సైనికుల భార్యలకు కూలి ఇచ్చి బట్టలుతికించారు. పథ్యం వండే వంటశాలలు విడిగా ఏర్పరచారు. విరాళాల సొమ్ముతో సరుకులు కొని, వాటికి లెక్క రాశారు. రాత్రిళ్లు దీపంతో వార్డులు తిరిగినది ఈ పనులన్నీ ముగిశాకనే.

అయినా ఆ చలికాలంలో మరణాలు ఆగలేదు. 1855 ఫిబ్రవరిలో చికిత్స పొందుతున్నవారిలో దాదాపు 42 శాతం మంది మరణించారు. మార్చిలో పారిశుధ్య సంఘం వచ్చి మురుగు కాలువలు శుభ్రపరచి, గాలి ఆడేలా చేశాక జూన్ నాటికి అది సుమారు 2 శాతానికి తగ్గింది. స్వదేశం చేరాక గణాంకవేత్త విలియం ఫార్‌తో కలిసి అంకెలను పరిశీలించినప్పుడు ఆమెకు నిజం బోధపడింది. వ్యవస్థ చెడినచోట నర్సు ఎంత శ్రమించినా ప్రాణాలు నిలవవు. 1858లో ఆ సత్యాన్ని రంగుల రేఖాచిత్రాలుగా ప్రభుత్వం ముందుంచారు.

ఆ శ్రమకు ఆమె మూల్యం చెల్లించారు. 1855 మే నెలలో తీవ్ర జ్వరం సోకింది. 1857 తరువాత చాలా ఏళ్లు గదికే పరిమితమయ్యారు. మంచం మీది నుంచే పని సాగించారు. 1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణాలయాన్ని నెలకొల్పారు. భారతదేశంలోని బ్రిటిష్ సైనికులలో ఏటా వెయ్యికి 69 మంది మరణిస్తున్న స్థితిపై రాయల్ కమిషన్‌కు తోడ్పడ్డారు. గోదావరి ఆనకట్ట నిర్మాత ఆర్థర్ కాటన్‌తో లేఖలు నడిపి, కరవు నివారణకు నీటిపారుదల అవసరమని వాదించారు. 1907లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ పొందిన తొలి మహిళ అయ్యారు. 1910 ఆగస్టు 13న కన్నుమూశారు.

ఆమె జన్మదినమైన మే 12న ఏటా అంతర్జాతీయ నర్సుల దినోత్సవం జరుపుకుంటున్నాం. వేదికలపై దీపాలు వెలిగిస్తున్నాం. సిబ్బంది కొరతను నర్సుల ఓర్పుతోనే పూడ్చమని ఆమె ఏనాడూ చెప్పలేదు. నర్సు చేయనక్కరలేని పనిని మరొకరికి అప్పగించడం, కొరతను అంకెలతో పాలకుల ముందుంచడం ఆమె చూపిన మార్గం. రాత్రి విధుల్లో ఎందరున్నారు, ఎందరుండాలి అన్న లెక్క ప్రతి అత్యవసర విభాగంలోనూ తేలినప్పుడే ఆ దీపానికి అర్థం ఉంటుంది.