పలకరింపే ఆవిడ పెట్టుబడి

ఇంటికొచ్చినవాళ్ళకి మొహమాటం పోగొట్టి, ఒకరితో ఒకరికి మాట కలిపి, నవ్వుతూ సాగనంపడం మనలో చాలామందికి తెలిసిన విద్యే. కానీ దాన్ని విద్య అని ఎవరంటారు? ఆవిడకి పుట్టుకతోనే వచ్చిందండీ ఆ మాటకారితనం అని తేల్చేస్తారు. వంట బాగుంటే చేతి మహిమ, మాట బాగుంటే నోటి మహిమ. మరి మధ్యలో మన కష్టం ఎటు పోయినట్టు?

ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు డైనా షోర్ గుర్తొస్తుంది. అమెరికా టీవీలో వెరైటీ షో అంటే ఎడ్ సలివన్, పెరీ కోమో లాంటి మగవాళ్ళ రాజ్యంగా ఉన్న రోజుల్లో, గంటసేపు తన పేరుతో షో నడిపి ఇంటింటి మనిషైపోయిన గాయని ఆవిడ. చూసేవాళ్ళకి ఆవిడ పని చేస్తున్నట్టే ఉండేది కాదు. చుట్టాలింట్లో కబుర్లు చెబుతున్నట్టుండేది. ఆ సులువు ఎంత కష్టపడితే వచ్చిందో తెలుసుకుంటే ఆశ్చర్యం వేస్తుంది.

డైనా 1916 ఫిబ్రవరి 29న టెనెసీ రాష్ట్రంలోని వించెస్టర్ అనే చిన్న ఊళ్ళో పుట్టింది. అసలు పేరు ఫ్రాన్సెస్ రోజ్. రష్యా నుంచి వలసవచ్చిన యూదు కుటుంబం. నాన్నకి బట్టల కొట్టు. పిల్లకి ఏడాదిన్నర వయసులో పోలియో వచ్చింది. టీకా లేని కాలం. తల్లి పట్టువదలకుండా సేవ చేసి పిల్లని నడిపించింది. నడక వచ్చింది గానీ పాదం వంకర, కొద్దిపాటి కుంటు మిగిలిపోయాయి. దాంతో ఓ మూల కూర్చోలేదు ఆ పిల్ల. ఈత నేర్చుకుంది, టెన్నిస్ ఆడింది. కుటుంబం నాష్‌విల్‌కి మారాక అక్కడి స్కూల్లో ఆటగాళ్ళని ఉత్సాహపరిచే చీర్‌లీడర్ కూడా అయింది. అవిటి కాలు మీదికి చూపు పోకుండా చూపుని ముఖం మీదే నిలబెట్టడం ఆవిడ అప్పుడే నేర్చుకుందేమో అనిపిస్తుంది నాకు.

పద్నాలుగేళ్ళకి ఇంట్లో చెప్పకుండా ఒక నైట్‌క్లబ్బులో పాడటానికి వెళ్ళిందిట. స్టేజి ఎక్కి చూస్తే ఎదురుగా అమ్మానాన్నా! ఇంకొన్నాళ్ళకే, హైస్కూల్లో ఉండగా, ఆ అమ్మ గుండెపోటుతో పోయింది. చదువు మాత్రం ఆపలేదు డైనా. 1938లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో సోషియాలజీ డిగ్రీ పూర్తిచేసి, పాటనే నమ్ముకుని న్యూయార్క్ చేరింది.

అక్కడ పూలదండలేం ఎదురు రాలేదు. ఆ రోజుల్లో పేరున్న బ్యాండ్లు బెనీ గుడ్‌మన్‌వి, డోర్సీ అన్నదమ్ములవి. వాళ్ళందరి దగ్గరా పాడి వినిపించింది, ఎవరూ తీసుకోలేదు. పెట్టిన పేరు కూడా నిలవలేదు చూడండి. ఆడిషన్లలో డైనా అనే పాట పాడేది. ఒక రేడియో వ్యాఖ్యాతకి ఈ అమ్మాయి పేరు గుర్తుకురాక ఆ పాట పేరుతోనే పిలిచాడు. అదే స్థిరపడిపోయింది!

1940లో హాస్యనటుడు ఎడ్డీ కాంటర్ తన రేడియో షోలోకి తీసుకోవడంతో దశ తిరిగింది. పాట ఆవిడకి ముందే వచ్చు. కాంటర్ దగ్గర నేర్చుకుంది వేరే. నవ్వు తెప్పించే మాట ఏ క్షణంలో అనాలి, కనబడని శ్రోతకి దగ్గరెలా అవ్వాలి, బెరుకు ఎలా దాటాలి... ఇవన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నానని తర్వాత తనే చెప్పుకుంది. అంటే ఆ మాటకారితనానికీ ఒక గురువున్నాడన్న మాట, సాధన ఉందన్న మాట.

రెండో ప్రపంచయుద్ధంలో సైనికుల కోసం యూరప్ వెళ్ళి పాడింది. 1943లో నటుడు జార్జ్ మాంట్‌గోమరీని పెళ్ళాడింది. 1948లో ఆవిడ పాడిన బటన్స్ అండ్ బోస్ పాట పది వారాలు అమెరికాలో మొదటి స్థానంలో నిలిచింది. సినిమాల్లోనూ వేసింది గానీ పెద్ద తార కాలేకపోయింది. ఆవిడ కోసం వేరే తెర ఎదురుచూస్తోంది.

1951లో ఎన్‌బీసీ చానెల్ వారానికి రెండుసార్లు, పదిహేను నిమిషాల షో ఇచ్చింది. అది బాగా ఆడి, కొన్నేళ్ళకి షెవ్రొలె కార్ల కంపెనీ స్పాన్సర్‌గా ఆదివారం రాత్రి గంట షో అయింది. ప్రతి షో చివరా అరచేతిని పెదాలకి గట్టిగా ఆన్చి, చెయ్యి బారజాపి ప్రేక్షకుల మీదికి ముద్దు విసిరేది. అదే ఆవిడ గుర్తు. ఇంట్లోనేమో ఇద్దరు పిల్లలు, కూతురూ, పెంచుకున్న కొడుకూ.

ఆ షోల రికార్డింగులు కొన్ని చూశాను నేను. మా కాలనీ ఫంక్షన్లలో మైకు పట్టుకునే అలవాటున్నదాన్ని కాబట్టి, ఆవిడ తను మాట్లాడనప్పుడు ఏం చేస్తోందో చూస్తాను. అతిథి ముఖంలోకే చూస్తూ వింటుంది. తను పెద్ద గాయని అయి ఉండి, పక్కవాళ్ళ పాటకి జాగా వదులుతుంది. నల్లజాతివారి మీద వివక్ష భగ్గుమంటున్న ఆ రోజుల్లో మహాలియా జాక్సన్, ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ లాంటి గాయనులు ఆవిడ స్టేజి మీద గౌరవంగా పాడారు. 1963లో ఎల్లా, ఒపేరా గాయని జోన్ సదర్లాండ్, డైనా ముగ్గురూ కలిసి పాడారు. మూడు వేర్వేరు సంగీతాలని ఒకే గదిలో కూర్చోబెట్టడం మాటలు కాదు. మైకు పట్టుకోవడంలో ఏముందిలే, నవ్వుతూ నిలబడితే చాలు కదా అని నాతో అన్నవాళ్ళున్నారు. వాళ్ళకి ఆ పాట చూపించాలనిపిస్తుంది.

1962లో విడాకులు. 1963లో షో ముగిసింది. ఆ తర్వాత చేసుకున్న రెండో పెళ్ళీ ఏడాది తిరక్కుండానే పోయింది. అప్పటికావిడకి నలభై ఏడు, నలభై ఎనిమిదేళ్ళు. ఇక ఇంతేలే అనుకునే వయసు.

అనుకోలేదు. 1970లో డైనాస్ ప్లేస్ పేరుతో పొద్దుటిపూట అరగంట షో మొదలెట్టింది. సెట్టు ఇల్లులాగే ఉండేది, వంటిల్లుతో సహా. ఫ్రాంక్ సినాత్రా వచ్చి స్పగెటీ సాస్ ఎలా చెయ్యాలో చెప్పాడు. ఉపాధ్యక్షుడు స్పైరో ఆగ్న్యూ పియానో వాయిస్తే ఆవిడ పాడింది. నటి జింజర్ రోజర్స్ కుమ్మరి చక్రం మీద కుండ చేసి చూపించింది. ఎంత పెద్దవాళ్ళైనా చేతికి ఓ పని ఇస్తే బిగుసుకుపోవడం మానేస్తారని మన బామ్మలకీ తెలుసు. వచ్చిన చుట్టానికి చిక్కుడుకాయలు ఈనెలు తియ్యమని ఇచ్చేవారు కాదూ!

1974లో ఆ షోకి ఉత్తమ వ్యాఖ్యాతగా ఎమ్మీ అవార్డు వచ్చింది. అదే ఏడాది చానెల్ షోని ఆపేసి, ఆ సమయంలో ఆటల షో ఒకటి పెట్టింది. ఒక చేత్తో అవార్డు, ఇంకో చేత్తో సెలవు చీటీ! ఇంకొకరైతే ఏమయ్యేవారో గానీ, యాభై ఎనిమిదేళ్ళ డైనా ఆ ఏడాదే తొంభై నిమిషాల కొత్త షోతో తిరిగొచ్చింది. అది 1980 దాకా నడిచింది. 1989లో కేబుల్ టీవీలో మళ్ళీ ఇంకో షో.

ఇంకో సంగతి చెప్పకపోతే ఈ కథ పూర్తికాదు. 1972లో కోల్గేట్ కంపెనీ మహిళల గోల్ఫ్ టోర్నమెంటుకి ఆవిడ పేరు పెట్టింది. అప్పటికి ఆవిడకి టెన్నిసే వచ్చు. పేరిచ్చి ఊరుకోకుండా గోల్ఫూ నేర్చుకుంది. మహిళల గోల్ఫ్‌కి డబ్బు పెద్దగా లేని ఆ రోజుల్లో మొదటి ఏడాదే బహుమతుల మొత్తం 1,10,000 డాలర్లు. 1983కల్లా అది మహిళల ప్రధాన టోర్నీల్లో ఒకటైంది. అక్కడ గెలిచినవాళ్ళు పక్కనున్న కొలనులో దూకడం ఆనవాయితీ అయింది. 1991లో ఏమీ ఆల్‌కాట్ గెలిస్తే, ఆవిడ చెయ్యి పట్టుకుని డైనా కూడా నీళ్ళలోకి దూకేసింది. డెబ్భై అయిదేళ్ళ వయసులో, ఒకప్పుడు నడుస్తుందో లేదోనని తల్లి బెంగపడ్డ ఆ కాళ్ళతోనే!

1994 ఫిబ్రవరి 24న అండాశయ క్యాన్సర్‌తో బెవర్లీ హిల్స్‌లో కన్నుమూసింది డైనా. అదే ఏడాది మహిళల గోల్ఫ్ సంఘం ఎల్‌పీజీఏ హాల్ ఆఫ్ ఫేమ్ ఆవిడకి గౌరవ సభ్యత్వం ఇచ్చింది. టోర్నమెంటు పేరు తర్వాత మారిపోయింది. 2023 నుంచి చోటు కూడా మారి టెక్సాస్‌కి వెళ్ళింది. అయినా గెలిచినవాళ్ళు నీళ్ళలోకి దూకడం మాత్రం మానలేదు.

అందుకే ఎవరి గురించైనా, ఆవిడకి అది పుట్టుకతో వచ్చిందిలే అనబోయే ముందు ఒక్క క్షణం ఆగుదాం. ఎన్నేళ్ళు పట్టిందండీ నేర్చుకోడానికి అని అడిగి చూద్దాం. చెప్పడానికి వాళ్ళ దగ్గర చాలా ఉంటుంది.