ఎడమ కాలికీ పని చెప్పిన రహీం సార్

రోజూ నాలుగు గంటలు ప్రాక్టీస్ చేస్తున్నా ఆరు నెలల కిందట ఎక్కడున్నారో అక్కడే ఉన్నారా? కోడింగ్ కానీండి, గోల్ఫ్ స్వింగ్ కానీండి, జబ్బు ఒక్కటే. వచ్చిన పనినే మళ్లీ మళ్లీ చేస్తుంటాం, రానిదాన్ని దాటేస్తుంటాం. గోల్ఫ్‌లో కండబలం చూపించేవాడి బంతి పొదల్లోకి పోతుంది. లయ తప్పకుండా కర్ర తిప్పేవాడి బంతి నేరుగా పోతుంది. మన మేళ్లచెరువులో గోల్ఫ్ ఎక్కడిది అంటారా? అయితే ఫుట్‌బాల్ దగ్గరికే వద్దాం. ఈ సంగతి అందరికంటే బాగా తెలిసిన మనిషి మన హైదరాబాద్‌లోనే పుట్టాడు.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909 ఆగస్టు 17న పుట్టారు. ఉస్మానియాలో డిగ్రీ చదివి బడిపంతులయ్యారు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి పిల్లలకు ఆటలు నేర్పారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు, చనిపోయేదాకా ఆ బాధ్యతలోనే ఉన్నారు. మరోపక్క సిటీ పోలీస్ టీమ్‌కు కోచింగ్. ఆ టీమ్ 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్ ఎగరేసుకొచ్చింది. బెంగాల్ టీమ్‌లదే రాజ్యమైన రోజులవి!

ఇంతకీ ఆయన చేసిందేంటి? ఇక్కడ కాస్త ఆగి చదవండి. రహీం సార్ టోర్నమెంట్ల రూల్సే మార్చేశారు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ చేయొద్దు. బంతి కాలికి తగలగానే పాస్ ఇచ్చేయాలి. అంటే బంతి రాకముందే పక్కవాడు ఎక్కడున్నాడో చూసుకోవాలి. కాళ్లకంటే ముందు కళ్లు, బుర్ర పనిచేయాలి. అలా ఆడగా ఆడగా పదకొండు మందికీ ఒకే తాళం పడుతుంది. ఇంకో టోర్నమెంట్‌లో అలవాటు లేని కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమ కాలితో తన్నాలన్నమాట. మొదట్లో ఎంత నవ్వులాటగా ఉండి ఉంటుందో ఊహించుకోండి! నా లెక్కలో ఇది అచ్చంగా ఇంజినీర్ ఆలోచన. బలహీనతను ఒక్కదాన్నీ విడిగా తీసి, దానిమీదే బరువు పెట్టి పరీక్షించడం. తిట్టి, లెక్చర్ ఇచ్చి రానిది ఒక్క రూల్‌తో వస్తుంది.

ఇండియా టీమ్ ఆయన చేతికొచ్చాక 1951 ఢిల్లీ ఏషియన్ గేమ్స్ ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో కొట్టి గోల్డ్ తెచ్చింది. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1. చాలామంది ఉత్త కాళ్లతో ఆడారు, ఆ చలిలో! అంతటి దెబ్బ తిన్నాక ఇంకో కోచ్ అయితే ఇంటిదారి పట్టేవాడేమో. ఈయన ఆటతీరునే తిరగరాశారు. 1956 మెల్‌బోర్న్‌లో మనవాళ్లు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి ఒలింపిక్స్ సెమీస్ చేరారు. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు. చివరికి దక్కింది నాలుగో స్థానం. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం కూడా ఆ టీమ్‌లో ఉన్నాడు.

1960 రోమ్ ఒలింపిక్స్ టీమ్‌లో సొంత కొడుకు హకీం ఉన్నాడు. ఒక్క మ్యాచ్ కూడా ఆడే అవకాశం రాలేదు. కోచ్ గారి అబ్బాయి అయితే ఏంటి మరి!

ఇక 1962 జకార్తా. రహీం సార్‌కు అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సర్. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియాతో 2-0 ఓటమి. తర్వాతి మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. అతన్ని పక్కన కూర్చోబెట్టకుండా సార్ ఫార్వర్డ్‌గా దింపారు. సెమీస్‌లో గోల్ కొట్టాడు. సెప్టెంబర్ 4న ఫైనల్, మళ్లీ కొరియాతోనే. మన అధికారి ఒకరి మాటలకు మండిపడ్డ స్టేడియం మొత్తం మనవాళ్లను గేలి చేస్తోంది. ముందురోజు సార్ ఆటగాళ్లను కూర్చోబెట్టి, తనకో కానుక కావాలని, అది గోల్డేనని అడిగారట. పీకే బెనర్జీ ఒక గోల్, కుట్ల తలతో జర్నైల్ ఇంకో గోల్. 2-1.

అవును, ఆ కానుక ముట్టింది. తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, ఆయన కన్నుమూశారు. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో ఇండియాకు ఆ తర్వాత మళ్లీ గోల్డ్ రాలేదు.