అడవిదారిలో ఆలిస్

మెక్సికో పటం చూస్తే తూర్పు చివర సముద్రంలోకి బొటనవేలిలా పొడుచుకొచ్చిన నేల కనిపిస్తుంది. దాని పేరు యుకటాన్. మాయా జాతివాళ్లు వందల ఏళ్ల కిందట కట్టిన రాతి నగరాలు అక్కడి అడవుల్లో ఉన్నాయి. ఇప్పుడైతే చిచెన్ ఇట్జా దాకా చక్కటి రోడ్డు, బస్సులు! 1875లో మాత్రం అక్కడికి వెళ్లాలంటే ప్రాణం మీద ఆశ వదులుకోవాలి. అలా వదులుకుని వెళ్లిన వాళ్లలో ఇరవై మూడేళ్ల లండన్ అమ్మాయి ఒకతె ఉంది. ఆమే ఆలిస్ డిక్సన్ లె ప్లాంజన్.

ఆలిస్ 1851లో పుట్టింది. తండ్రి హెన్రీ డిక్సన్‌కి ఫొటో స్టూడియో ఉండేది. ఆడపిల్లలు కుట్లు, అల్లికలు, పియానో నేర్చుకునే ఆ రోజుల్లో ఈ అమ్మాయికి నాన్న స్టూడియోలో ఫొటోల పని పట్టుబడింది. లండన్‌లోనే ఆగస్టస్ లె ప్లాంజన్ పరిచయమయ్యాడు. పెరూ దేశమంతా తిరిగి, పాత కట్టడాలకి ఫొటోలు తీసి వచ్చిన మనిషి. వయసులో ఆమె కంటే పాతికేళ్లు పెద్ద. ఎవరేమనుకున్నారో కానీ, ఆలిస్ అతన్నే పెళ్లి చేసుకుంది. మాయా శిథిలాల మీద అతనికున్న పిచ్చి ఆమెకీ అంటుకుంది.

1873లో ఇద్దరూ యుకటాన్‌లో ఓడ దిగారు. దిగీ దిగగానే పులిమీద పుట్రలా ఆలిస్‌కి పసుపు జ్వరం పట్టుకుంది. ఆ జ్వరం దోమ వల్ల వస్తుందని నిరూపించడానికి 1900 దాకా పట్టింది. మందు లేదు. కొత్తగా వచ్చిన విదేశీయులు ఎందరో దానికి బలైపోయేవాళ్లు. ఆగస్టస్ రాత్రింబవళ్లు మంచం పక్కనే ఉండి సేవ చేశాడు. ఆమె బతికి బయటపడింది. ఇంకొకరైతే మరుసటి ఓడకే ఇంటిదారి పట్టేవారు. ఆలిస్ మాత్రం ఓపిక రాగానే మాయా భాష నేర్చుకోవడం మొదలుపెట్టింది!

చిచెన్ ఇట్జాకి వెళ్లడానికి మరో రెండేళ్లు పట్టింది. ఆ ప్రాంతంలో ప్రయాణమంటే వోలాన్ అనే రెండు చక్రాల బండి. మూడు కంచరగాడిదలు లాగుతాయి. రాళ్ల దారి కుదుపులకి ఒళ్లు హూనం కాకుండా బండిలో పరుపు పరుచుకుంటారు. అయినా నడుములు విరగాల్సిందే. అసలు భయం దారిది కాదు, యుద్ధానిది. భూములు పోయి, అప్పులకి వెట్టిచాకిరీ చేసిచేసి విసిగిన మాయా రైతులు 1847లో తెల్ల దొరల మీద తిరగబడ్డారు. ఆ పోరు ఇంకా ఆరలేదు. చిచెన్ సరిగ్గా సరిహద్దులో పడింది. అందుకే పక్క ఊరు పిస్తే నుంచి సైనికుల్ని తోడిచ్చి పంపారు. ఆలిస్ కూడా తుపాకీ పట్టింది. పాడుపడిన రాతిగదుల్లో ఉయ్యాల మంచాలు కట్టుకుని కాపురం పెట్టారు.

ఇక ఫొటోల పని. అప్పటి పద్ధతిలో గాజు పలక మీద రసాయనం పూసి, తడి ఆరకముందే ఫొటో తీసి, వెంటనే కడిగేయాలి. ఆ ఎండకి పలక ఇట్టే ఆరిపోయేది. దుమ్ము, పురుగులు సరేసరి. చీకటి గది ఎక్కడా అంటే ఆ శిథిలాల్లోనే. ఇన్ని అవస్థల మధ్య ఆ దంపతులు తీసిన ఫొటోలు వందల్లో ఉన్నాయి.

ఆ ఏడాదే ఒక దిబ్బని తవ్విస్తే లోతున పెద్ద రాతి విగ్రహం బయటపడింది. వెల్లకిలా ఆనుకుని, మోకాళ్లు మడిచి, తల పక్కకి తిప్పిన మనిషి. దాన్ని పైకి తియ్యడానికి యంత్రాల్లేవు. చెట్ల దుంగలు, అడవి నార తాళ్లే దిక్కు. కూలీలతో కలిసి నానా తంటాలు పడి లాగారు. చెక్క చక్రాలతో బండి చేయించి, అడవి కొట్టించి దారి వేయించి పిస్తే దాకా తెచ్చారు. అమెరికాలో ఫిలడెల్ఫియాలో 1876లో జరిగే ప్రపంచ ప్రదర్శనలో పెట్టాలని వాళ్ల ఆశ. ఇంతలో రాష్ట్రంలో మరో తిరుగుబాటు. అందరి ఆయుధాలూ లాక్కున్నారు. ఆయుధం లేకుండా ఆ అడవిలో ఉండటం ఎలా? విగ్రహాన్ని చెట్ల చాటున దాచి వెళ్లిపోయారు. ప్రభుత్వం దాన్ని దేశం దాటించడానికి ఒప్పుకోలేదు. 1877లో వీళ్లు లేని సమయంలో అధికారులు వచ్చి తీసుకుపోయారు. పడ్డ కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరైంది. మన అమరావతి శిల్పాలు లండన్ మ్యూజియంలో ఉన్నాయని తెలిసిన మనకి, మెక్సికో చేసింది సబబే అనిపిస్తుంది. కానీ ఆలిస్ గుండెకోత కూడా అబద్ధం కాదు.

అక్కడితో ఆగారా అంటే, లేదు. ఊష్మాల్‌లో, మళ్లీ చిచెన్‌లో, 1880ల్లో కూడా ఏళ్లతరబడి పనిచేశారు. గడ్డిలోంచి ఒంటికి పట్టే పిడుదుల్ని రోజూ ఏరుకుంటూనే! న్యూయార్క్ చేరాక ఆలిస్ 1886లో యుకటాన్ ముచ్చట్లతో పుస్తకం తెచ్చింది. పత్రికలకి రాసింది, ఉపన్యాసాలిచ్చింది.

కానీ అసలు దెబ్బ అడవిలో కాదు, ఊళ్లో తగిలింది. మాయా రాణి మూ ఈజిప్టుకి పారిపోయి అక్కడ దేవతగా వెలసిందనీ, నాగరికత మాయా వాళ్ల నుంచే అక్కడికి వెళ్లిందనీ ఆగస్టస్ నమ్మాడు. అది నిజం కాదు. చిచెన్ వెలిగింది క్రీస్తు తర్వాత ఎనిమిది తొమ్మిది వందల ఏళ్లకి. పిరమిడ్లు అంతకు మూడువేల ఏళ్ల ముందువి. పండితులు నవ్వారు. ఆలిస్ మాత్రం భర్త మాటే నమ్మింది. తవ్వకంలో దొరికిన పచ్చరాయిని అతను బంగారంలో పొదిగించి ఇస్తే, రాణి మూ రక్షరేకులా పెట్టుకుంది. 1902లో ఆ రాణి మీద కావ్యం కూడా రాసింది. 1908లో ఆగస్టస్ పోయాడు. రెండేళ్లకి, యాభై ఎనిమిదో ఏట, ఆమె కన్నుమూసింది. మనుషుల మీది నవ్వు పనిమీదకి కూడా పాకి, చాలాకాలం వాళ్ల ఫొటోల్ని ఎవరూ పట్టించుకోలేదు.

ఇప్పుడు కథ మారింది. ఆ ఫొటోలు, కాగితాలు అమెరికాలోని గెట్టీ పరిశోధనాలయంలో భద్రంగా ఉన్నాయి. ఆమె డైరీ 2009లో పుస్తకంగా వచ్చింది. తర్వాత ఎండకీ వానకీ అరిగిపోయిన చెక్కడాలు ఆనాడు ఎలా ఉండేవో తెలుసుకోవాలంటే వాళ్ల గాజు పలకలే సాక్ష్యం. ఆ విగ్రహం మెక్సికో నగరంలో మ్యూజియంలో ఉంది. దానికి వాళ్లు పెట్టిన పేరే, చాక్‌మూల్ అని, నేటికీ పిలుస్తున్నారు.

భర్త సిద్ధాంతం గాలికి పోయింది. జ్వరం నుంచి లేచి, చెమటలు కక్కుతూ, చీకటి గదిలో ఆమె కడిగిన బొమ్మలు నిలిచాయి. మాటలకన్నా చేతిపని గట్టిదనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?