నీరు చేరకముందే నీడ చూపాలన్న బి.డి. శర్మ

జలాశయంలో నీరు చేరడానికి కనీసం ఆరు నెలల ముందే నిర్వాసితుల పునరావాసం పూర్తికావాలి. సర్దార్ సరోవర్ ముంపు బాధితుల విషయంలో సుప్రీంకోర్టు 1992లో చెప్పిన మాట ఇది. ఆనకట్ట వల్ల కలిగే లాభాలను సాకుగా చూపి బాధితుల ప్రాథమిక హక్కులను కాలరాయరాదని కూడా న్యాయస్థానం స్పష్టం చేసింది. ఆ వ్యాజ్యం వేసిన వ్యక్తి డాక్టర్ బ్రహ్మదేవ్ శర్మ.

1931లో జన్మించిన శర్మ గణితశాస్త్రంలో డాక్టరేట్ పొందారు. 1956లో ఐఏఎస్‌లో చేరి మధ్యప్రదేశ్‌కు వెళ్లారు. 1960వ దశకం చివర బస్తర్ జిల్లా కలెక్టర్‌గా నియమితులయ్యారు. అప్పుడే బైలాడిలా ఇనుప గనులు మొదలయ్యాయి. గనులతో పాటు బయటి ఉద్యోగులూ వచ్చారు. పెళ్లి ఆశ చూపి గిరిజన యువతులను మోసగించిన ఉదంతాలు ఆయన దృష్టికి వచ్చాయి. విచారణ జరిపించి, బాధ్యులైన ఉద్యోగులతోనే వారికి వివాహాలు జరిపించారు. ఒక పరిశ్రమ రాకతో గిరిజనుడు పోగొట్టుకునేది భూమి ఒక్కటే కాదన్న ఎరుక ఆయనకు అక్కడే కలిగింది.

అనంతరం ఢిల్లీలో కేంద్ర హోంశాఖలో పనిచేస్తూ గిరిజన ఉప ప్రణాళిక రూపకల్పనలో కీలకపాత్ర పోషించారు. 1981లో ఐఏఎస్‌ను వీడి, షిల్లాంగ్‌లోని ఈశాన్య పర్వత విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు. 1986 నుంచి 1991 వరకు షెడ్యూల్డు కులాలు, తెగల కమిషనర్‌గా వ్యవహరించారు. ఆ హోదాలో ఆయన సమర్పించిన 29వ నివేదిక, భారీ ప్రాజెక్టుల కింద ఊళ్లు కోల్పోయినవారి దుస్థితిని రాజ్యాంగం ఇచ్చిన హామీల వెలుగులో పరిశీలించింది. 1894 నాటి భూసేకరణ చట్టం కింద పరిహారానికి భూమిపై హక్కు ఆధారం కావలసి వచ్చేది. అడవిలో తరతరాలుగా పోడు చేసుకున్నవారికీ, కూలీలకూ, చేతివృత్తులవారికీ ఆ లెక్కలో చోటు ఉండేది కాదు. ఈ వెలితినే ఆయన జీవితాంతం ప్రశ్నించారు.

అందుకు మూల్యం చెల్లించవలసి వచ్చింది. 1992లో బస్తర్‌లోని మావలిభాటా వద్ద తలపెట్టిన ఉక్కు కర్మాగారాన్ని వ్యతిరేకించిన గిరిజనుల పక్షాన నిలిచినందుకు, ఒకప్పుడు తాను కలెక్టర్‌గా పాలించిన జగదల్‌పూర్‌లోనే ఒక గుంపు ఆయన బట్టలు చింపి, చెప్పుల దండ వేసి ఊరేగించింది. అప్పటికి ఆయన వయసు అరవై దాటింది. ఆయన వెనుకంజ వేయలేదు. భూరియా కమిటీ సభ్యుడిగా కృషి చేశారు. దాని సిఫారసుల నుంచే 1996లో పెసా చట్టం వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో భూసేకరణకు, పునరావాసానికి ముందు గ్రామసభను లేదా తగిన స్థాయి పంచాయతీని సంప్రదించడాన్ని ఆ చట్టం తప్పనిసరి చేసింది.

ఉన్నత పదవులు నిర్వహించిన శర్మ ఢిల్లీలో నిజాముద్దీన్ సమీపాన, నంగ్లీ రాజాపూర్‌లోని చిన్న నివాసంలో నిరాడంబరంగా జీవించారు. 2012లో సుక్మా కలెక్టర్ అలెక్స్ పాల్ మీనన్‌ను మావోయిస్టులు అపహరించినపుడు, హైదరాబాద్‌కు చెందిన ఆచార్య హరగోపాల్‌తో కలిసి మధ్యవర్తిత్వం వహించారు. ఎనభై ఏళ్ల వయసులో అడవిలోకి వెళ్లి, కలెక్టర్‌ను క్షేమంగా వెంటబెట్టుకొని వచ్చారు. 2015 డిసెంబరు 6న గ్వాలియర్‌లో కన్నుమూశారు.

భూమి లేకున్నా జీవనోపాధి కోల్పోయేవారిని బాధితులుగా గుర్తించిన కొత్త భూసేకరణ చట్టం 2014 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. అయినా 2022 జూలైలో గోదావరి వరదలు వచ్చినపుడు, పోలవరం ముంపు మండలాల్లో పునరావాసం పూర్తికాని గ్రామాలు నీట మునిగాయి. ఆ ప్రాజెక్టు కింద నిర్వాసితులయ్యే కుటుంబాలు లక్షకు పైగా ఉన్నాయి. వారిలో అధికులు గిరిజనులు. ఆరు నెలల ముందు అన్న ఆ గడువు మాట శర్మ వేసిన వ్యాజ్యంలో వెలువడి మూడు దశాబ్దాలు దాటింది. గోదావరి ఒడ్డున ఆ మాటకు నేటికీ కాలం చెల్లలేదు.