తమ్మునిఁ జూచి గర్వించిన యక్క: జహనారా బేగము చరిత్రము

తమ వంశమును గూర్చి గర్వింపనివారు లోకమున నరుదు. తాతగారు జమీందారని యొకరును, మేనమామ మహాపండితుఁడని యొకరును, అన్నగారు పెద్ద యుద్యోగియని యొకరును జెప్పుకొని సంతసించుచుందురు. భిన్నమతస్థుల నడుమ నెయ్యము గుదుర్పఁ బాటుపడిన బంధువును జూచి గర్వించువారు మాత్రము మిక్కిలి కొలఁది. ఏలయనఁగా, నట్టి బంధువువలన నింటికి ధనము రాదు. తఱచుగా నిందయే వచ్చును. ఆ నిందకు వెఱవక, తమ్ముని కార్యమును దన భాగ్యముగా నెంచిన యొక రాజపుత్రిక చరిత్రము నిచ్చట సంగ్రహముగాఁ జెప్పుచున్నాము.

జహనారా బేగము 1614-వ సంవత్సరమునఁ బుట్టెను. తండ్రి షాజహాను చక్రవర్తి. తల్లి ముంతాజు మహలు. మఱుసటి యేఁట నజ్మీరు నగరమునఁ దమ్ముఁడు దారా షుకో జన్మించెను. మఱియొక తమ్ముఁడగు ఔరంగజేబు 1618-లోఁ బుట్టెను. 1631-లో బుర్హానుపురమునఁ దల్లి మరణింపఁగా, పదునేడేండ్ల జహనారాయే యంతఃపురమునకుఁ బెద్దదిక్కయ్యెను. తల్లి తలపెట్టి చూడ నోఁచుకొనని దారా వివాహమును 1633-లో నాదిరా బానుతో నామెయే దగ్గఱనుండి జరిపించెను. నాఁటినుండి యా యింట నక్కయే తల్లియయ్యెను.

ఐశ్వర్యమునకుఁ గొదవలేని యా నగరులో నీ యక్కదమ్ముల మనస్సు లైశ్వర్యముతోఁ దృప్తి నొందలేదు. లాహోరునందలి మియాన్ మీరను సాధువునకు శిష్యుఁడైన ముల్లా షా కాశ్మీరమున నుండెను. దారా యాయన నాశ్రయించి, తన యక్కకును ఆ మార్గమును జూపెను. ఘోషాలోనుండు రాజపుత్రిక లేఖల మూలమున నుపదేశము నర్థించి గురుకృపను బొందెను. ఈ వృత్తాంతమును సాహిబియ్యా యను చిన్న పారసీక గ్రంథమున నామెయే వ్రాసినది. తైమూరు వంశమునఁ బుట్టిన పూర్వులలో నీశ్వరాన్వేషణమార్గమును ద్రొక్కినవారు లేరనియు, నా భాగ్యము తనకును దన తమ్మునకును మాత్రమే లభించెననియు నందుఁ జెప్పుకొనినది. ముత్తాత యక్బరు సర్వమతగోష్ఠులు నడపిన సంగతి నామె మఱచుట సోదరప్రేమ యొక్క యతిశయమే కావచ్చును. అయినను, దిగ్విజయములకుఁ బేరెన్నికగన్న కులమునఁ బుట్టిన కన్య పూర్వుల ఖడ్గములను గాక తమ్ముని జిజ్ఞాసను జూచి గర్వించుట మనము గమనింపవలసిన విశేషము.

ఆ జిజ్ఞాస క్రమముగా మతముల సరిహద్దులను దాఁటెను. దారా మొదట మహమ్మదీయ సాధువుల చరిత్రములను వ్రాసెను. 1653-లోఁ గాందహారు ముట్టడి విఫలమై మరలివచ్చిన పిమ్మట, లాహోరున బాబా లాలను హిందూ సాధువుతోఁ బెక్కు దినములు ప్రశ్నోత్తరములు జరపెను. 1655-లో మజ్మ ఉల్ బహ్రైన్, అనఁగా సముద్రద్వయసంగమము, అను గ్రంథమును రచించి, సూఫీల మాటలను వేదాంతుల మాటలను బ్రక్కప్రక్కనఁ జేర్చి, భేదము పలుకులయందే కాని పరమార్థమునందు లేదని నిరూపింపఁ జూచెను. 1657-లోఁ గాశీపండితులను సన్న్యాసులను ఢిల్లీకి రప్పించి, ఆఱు మాసములలో నేఁబది యుపనిషత్తులను బారసీకమునకుఁ దెచ్చెను. ఇందుకొఱకు దారా తన మతమును విడువలేదు. ఖురానునందుఁ బేర్కొనఁబడిన గూఢగ్రంథ మీ యుపనిషత్తులే యని నమ్మి, స్వమతాభిమానముతోనే పరమతమును గౌరవించెను. మన తెలుఁగువాఁడగు జగన్నాథుఁడు పండితరాజ బిరుదము నందినదియు నీ షాజహాను కొలువునందే.

అయినను దారా దోషరహితుఁడు గాఁడు. సర్దారులయెడఁ జులకనభావము గలవాఁడు. యుద్ధమున నేర్పు తక్కువ. 1657-లో దండ్రి జబ్బుపడఁగానే నలుగురు సోదరులకు సింహాసనము కొఱకుఁ బోరు పుట్టెను. 1658 మే నెలలో సామూగఢువద్ద దారా యోడిపోయెను. అప్పుడు జహనారా స్వయముగా ఔరంగజేబు కడకుఁ బోయి, రాజ్యమును సోదరులు పంచుకొని రక్తపాతమును మానుఁడని ప్రాధేయపడెను. ఆ ప్రార్థనము ఫలింపలేదు. మఱుసటి యేఁట దారా పట్టువడెను. చింపిరి దుస్తులతో నేనుఁగుపైఁ గూర్చుండఁబెట్టి యతని ఢిల్లీ వీధులలో ద్రిప్పిరి. జనులు విలపించుటను ఫ్రెంచి వైద్యుఁడగు బెర్నియే కన్నులారఁ జూచి వ్రాసెను. మతభ్రష్టుఁడను నేరము మోపి 1659 ఆగష్టులో నతని వధించిరి. ఉపనిషత్తులను గొనియాడుటయు, నుంగరముపై దేవనాగరిలిపిలోఁ బ్రభు నామమును జెక్కించుకొనుటయు నతని నేరములలోఁ జేర్పఁబడెను. పోరు రాజ్యము కొఱకు, సాకు మతము.

తాను గర్వించిన తమ్ముఁడే ద్రోహియని చాటఁబడినపుడు జహనారా యేమి చేసెను? ఆగ్రా కోటలో బందీయైన తండ్రిని విడువక, 1666-లో నాయన మరణించువఱకు సేవించెను. తల్లిదండ్రులు లేని దారా కూఁతురగు జహాంజేబు బానును దన బిడ్డవలెఁ బెంచెను. ఔరంగజేబునుగూడఁ ద్యజింపలేదు. అతఁ డామెకుఁ బూర్వగౌరవమును మరల నొసఁగఁగా నంగీకరించి, 1669-లో నా దారా కూఁతును ఔరంగజేబు కుమారుఁడగు ఆజమున కిచ్చి పెండ్లి చేయించెను. చంపినవాని యింటికిఁ జచ్చినవాని బిడ్డను గోడలిగాఁ బంపి, పగ నా తరముతోనే యాఁప యత్నించెను. 1679-లో హిందువులపై జిజియా పన్నును మరల విధించునపుడు వలదని తమ్మునితో వాదించిన ధీరురాలు నామెయే. ఆ వాదము నెగ్గలేదు. కాని దారా పలుకు నగరులోఁ బూర్తిగా నణఁగిపోలేదని యందువలనఁ దెలియుచున్నది. 1681-లో నామె మరణించెను. ఢిల్లీలో నిజాముద్దీను దర్గాయందుఁ గప్పు లేని యామె సమాధి నేఁడును గలదు.

దారా గ్రంథము మాత్రము వధింపఁబడలేదు. ఆ పారసీకమునుండియే యాంకెతిల్ దుపెఱోన్ అను ఫ్రెంచి పండితుఁ డుపనిషత్తులను లాటిను భాషలోనికిఁ దెచ్చి 1801, 1802 సంవత్సరములలోఁ బ్రకటించెను. ఐరోపీయ తత్త్వజ్ఞులకు వేదాంత మట్లు తెలిసెను. తరువాత 1816-నుండి రామమోహన రాయలవా రుపనిషత్తులను వంగ భాషలోను ఆంగ్లమునందును వెలువరించి, యేకేశ్వరోపాసనమును లోకమునకు బోధించిరి.

సోదరులారా, సోదరీమణులారా! మన యింటనొకఁడు పొరుగు మతమువారితోఁ గూడి మెలఁగి, వారి గ్రంథమును జదివి, కలహము నణఁపఁ బోవునపుడు, కులమువా రేమందురో యని మన మతని నాఁపుదుము. అతఁడు గతించి పేరు వచ్చిన పిమ్మట మావాఁడని చెప్పుకొందుము. జహనారా యట్లు చేయలేదు. తమ్ముఁడు వెదకుచుండఁగాఁ దానును వెదకెను. అతఁడు పడిపోయిన పిమ్మట నతని బిడ్డను, నతని యాశయమును గాపాడెను. బంధువునిఁ జూచి గర్వించుట సులభము. అతని భారమును మోయుటయే కష్టము. ఆ భారమును మోసినవారికే గర్వించు నధికారము గలదు.