యుద్ధం రోజుల్లో కాకినాడ పాట

ప్రత్యేక సంచికకు మన జిల్లా ప్రముఖులలో ఒకరి గురించి రాయమని కార్యదర్శి గారు కోరారు. నేను సంగీత దర్శకులు కీ.శే. పెనుపాత్రుని ఆదినారాయణరావు గారిని ఎంచుకున్నాను.

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. మా ద్రాక్షారామం కాకినాడకు సుమారు 30 కిలోమీటర్లు. ఆ వారం పట్నం వదిలి వచ్చిన బంధువులతో మా ఇల్లు నిండిపోయిందని, రాత్రిళ్లు దీపం వెలిగించడానికే భయపడ్డారని మా నాన్నగారు చెప్పేవారు. సముద్రపు ఒడ్డు ఊళ్లలో దీపాలార్పే రోజులవి. తెల్లవార్లూ సాగే పద్య నాటకాలకు అది గడ్డు కాలమే.

అయినా పాట ఆగలేదు. కాకినాడలో యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ అనే నాటక సమాజం ఉండేది. రేలంగి, ఎస్.వి. రంగారావు గార్లు అందులో వేషాలు వేసినవారే. ఆదినారాయణరావు గారు అక్కడే నాటకాలు రాశారు, నటించారు, బాణీలు కట్టారు. పెద్దాపురం అమ్మాయి అంజలీదేవికి నటనలో గురువు కూడా ఆయనే. తరువాత ఆమె ఆయన అర్ధాంగి అయ్యారు.

యుద్ధం వల్ల విదేశాల నుంచి ముడి ఫిల్ము రావడం కష్టమైంది. సినిమా నిడివి 11,000 అడుగులు మించరాదని ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. తెలుగు చిత్రాల సంఖ్య తగ్గింది. టాకీలు లాగేసుకున్న జనంలో కొందరైనా మళ్లీ నాటకం వైపు చూశారు. చాలా ఊళ్లలో యుద్ధ నిధికి చందాల కోసం కూడా నాటకాలు ఆడారు. రాగాలాపన గంటలకొద్దీ సాగకుండా, సన్నివేశానికి సరిపడా పాట కట్టే నేర్పు ఆదినారాయణరావు గారికి ఆ వేదికల మీదే అబ్బిందని నా అభిప్రాయం. ఆయన 'వీధి గాయకులు' నాటకం పేరులోనే పాట ఉంది.

యుద్ధం ముగిశాక దారులు తెరుచుకున్నాయి. అంజలీదేవి నటన చూసిన సి. పుల్లయ్య గారు 1947లో 'గొల్లభామ'లో అవకాశమిచ్చారు. ఆదినారాయణరావు గారు 'పల్లెటూరి పిల్ల' (1950), 'అనార్కలి' (1955), 'సువర్ణసుందరి' (1957), 'అల్లూరి సీతారామరాజు' (1974) చిత్రాలకు సంగీతం కూర్చారు. 'సువర్ణసుందరి'ని హిందీలో తీసినప్పుడు ఆయన బాణీలను లతా మంగేష్కర్, రఫీ పాడారు. 1991లో ఆయన స్వర్గస్తులయ్యారు.

సినిమాకు వెళ్లినవారి పేర్లు నిలిచాయి. ఆ భయం రోజుల్లో హార్మోనియం పట్టి, ముఖానికి రంగు పూసుకుని, ఉన్న ఊళ్లోనే ఉండిపోయినవారి పేర్లు మాత్రం చెరిగిపోతున్నాయి. మీ ఇళ్లలో పెద్దలు చెప్పిన పేర్లు ఏవైనా గుర్తుంటే దయచేసి మన సంచికకు రాసి పంపండి. మనం కూడా మరిచిపోతే ఇక చెప్పేవారుండరు.