గాట్లీబ్ డైమ్లర్

గాట్లీబ్ డైమ్లర్ (మార్చి 17, 1834 - మార్చి 6, 1900) జర్మనీకి చెందిన ఇంజనీరు, పారిశ్రామికవేత్త. తేలికగా ఉండి వేగంగా తిరిగే పెట్రోలు ఇంజనును విల్‌హెల్మ్ మేబాక్‌తో కలిసి రూపొందించి, 1886లో దానిని ఒక గుర్రపు బండిలో అమర్చాడు. నాలుగు చక్రాల మోటారు వాహనాలకు నాంది పలికినవారిలో ఈయన ఒకడు. ఈ ఇంజను రూపకల్పనకు సంబంధించిన ముఖ్యమైన ప్రయోగాలు కర్మాగారంలో కాక, ఆయన ఇంటి తోటలోని ఒక చిన్న కట్టడంలో జరగడం విశేషం.

బాల్యం, విద్య

డైమ్లర్ వ్యుర్టెంబర్గ్ రాజ్యంలోని షోర్న్‌డోర్ఫ్ పట్టణంలో రొట్టెలు తయారుచేసే కుటుంబంలో జన్మించాడు. పాఠశాల చదువు తరువాత తుపాకుల తయారీ నేర్చుకొని 1852లో శిక్షణ ముగించాడు. పిదప యంత్ర నిర్మాణం వైపు మళ్ళి, 1857 నుండి 1859 వరకు స్టుట్‌గార్ట్ పాలిటెక్నిక్‌లో చదివాడు. అనంతరం ఫ్రాన్స్, ఇంగ్లండు దేశాలలో పర్యటించి అక్కడి కర్మాగారాలలో అనుభవం సంపాదించాడు.

1863లో రాయిట్లింగెన్‌లో అనాథలకు ఆశ్రయమిచ్చే ఒక సేవాసంస్థకు చెందిన యంత్రశాలలో చేరాడు. అక్కడే పెరిగిన అనాథ బాలుడు మేబాక్. తనకంటే పన్నెండేళ్ళు చిన్నవాడైన ఆ యువకుని చిత్రలేఖన ప్రతిభను డైమ్లర్ గుర్తించాడు. వారి స్నేహం డైమ్లర్ మరణం వరకు కొనసాగింది. 1867లో డైమ్లర్ ఎమ్మా కుర్ట్స్‌ను వివాహం చేసుకున్నాడు.

డాయిట్స్ కర్మాగారం

1872లో డైమ్లర్ కొలోన్ సమీపంలోని డాయిట్స్ గ్యాస్ ఇంజన్ల కర్మాగారానికి సాంకేతిక నిర్దేశకుడయ్యాడు. మేబాక్ కూడా ఆయన వెంట వెళ్ళాడు. ఆ సంస్థ వ్యవస్థాపకులలో ఒకడైన నికోలస్ ఆటో 1876లో నాలుగు స్ట్రోకుల ఇంజనును విజయవంతంగా నడిపాడు. అయితే అది చాలా బరువైనది. గ్యాసు గొట్టానికి అతుక్కొని ఒకేచోట పనిచేసేది. నిమిషానికి రెండు వందల చుట్లకు మించి తిరిగేది కాదు. వాహనాలను నడపగల చిన్న ఇంజను కావాలన్నది డైమ్లర్ ఆలోచన. ఆటోతో విభేదాలు ముదరడంతో 1882లో ఆయన సంస్థను వీడాడు.

తోటలో ప్రయోగశాల

డైమ్లర్ స్టుట్‌గార్ట్ పక్కనున్న కాన్‌స్టాట్‌లో తోటతో కూడిన ఇల్లు కొని, తోటలో మొక్కలు పెంచే అద్దాల గదిని విస్తరించి ప్రయోగశాలగా మార్చాడు. మేబాక్‌తో కలిసి అక్కడ రహస్యంగా పనిచేసేవాడు. రాత్రింబవళ్ళు వినిపించే చప్పుళ్ళ వలన అక్కడ దొంగ నాణేలు తయారవుతున్నాయన్న అనుమానం కలిగి పోలీసులు సోదా చేశారని, వారికి ఇంజన్లు తప్ప మరేమీ దొరకలేదని చెబుతారు.

ఇంజను వేగం పెరగాలంటే ఇంధనాన్ని వేగంగా మండించాలి. అప్పటి పద్ధతులు ఇందుకు చాలవు. బయట మంటతో ఎర్రగా కాల్చిన సన్నని గొట్టాన్ని సిలిండరుకు కలిపి, దాని వేడితోనే ఇంధనం మండే ఏర్పాటుకు 1883లో వారు పేటెంటు పొందారు. 1885లో తయారైన నిలువు సిలిండరు ఇంజను నిమిషానికి సుమారు 600 చుట్లు తిరుగుతూ అర అశ్వశక్తిని ఇచ్చేది. నిలువు గడియారాన్ని పోలి ఉండడంతో దానికి ఆ పేరే వచ్చింది. గ్యాసుకు బదులు పెట్రోలు ఆవిరిని గాలితో కలిపి అందించే కార్బ్యురేటరును మేబాక్ రూపొందించాడు.

ఈ ఇంజనును మొదట కొయ్యతో చేసిన రెండు చక్రాల వాహనానికి అమర్చారు. 1885 నవంబరులో డైమ్లర్ కుమారుడు దానిపై కాన్‌స్టాట్ నుండి ఉంటర్‌ట్యుర్క్‌హైమ్ వరకు, సుమారు మూడు కిలోమీటర్లు ప్రయాణించాడు.

గుర్రపు బండిలో ఇంజను

1886 మార్చిలో డైమ్లర్, భార్య పుట్టినరోజు కానుక అని చెప్పి స్టుట్‌గార్ట్‌లోని విమ్ఫ్ సంస్థ నుండి ఒక గుర్రపు బండిని తెప్పించుకున్నాడు. ఎస్లింగెన్ యంత్రశాల సహాయంతో, మేబాక్ పర్యవేక్షణలో దానిలో ఇంజను అమర్చారు. గుర్రాలను కట్టే నొగను తొలగించి, ముందు ఇరుసును తిప్పడానికి పిడి పెట్టారు. 462 ఘన సెంటీమీటర్ల ఇంజనును వెనుక సీటు ముందు, బండి అడుగుభాగంలో నిలువుగా బిగించారు. ఇంజను శక్తి తోలు పట్టీల ద్వారా ఒక అడ్డ ఇరుసుకు, అక్కడి నుండి చిన్న పళ్ళచక్రాల ద్వారా వెనుక చక్రాలకు బిగించిన పెద్ద పళ్ళచక్రాలకు చేరేది. రెండు వేగాల ఏర్పాటు ఉండేది. సుమారు 1.1 అశ్వశక్తితో ఆ బండి గంటకు 16 కిలోమీటర్ల వేగం అందుకునేది.

అదే ఏడాది జనవరిలో మాన్‌హైమ్‌లో కార్ల్ బెంజ్ తన మూడు చక్రాల వాహనానికి పేటెంటు కోరాడు. బెంజ్ ఇంజనును, వాహనాన్ని ఒకే యంత్రంగా రూపొందించగా, డైమ్లర్ దృష్టి ప్రధానంగా ఇంజనుపైనే ఉండేది. నేల, నీరు, ఆకాశం మూడింటా తన ఇంజను పనిచేయాలని ఆయన ఆశయం. 1886లోనే నెకార్ నదిలో మోటారు పడవను నడిపాడు. పెట్రోలు పేలుతుందని జనం భయపడకుండా, అది విద్యుత్తుతో నడుస్తున్నట్లు కనిపించడానికి పడవ చుట్టూ తీగలు కట్టించాడు. 1888లో ఆయన ఇంజను అమర్చిన గాలినౌక కాన్‌స్టాట్ నుండి ఎగిరింది.

సంస్థ, వివాదాలు

పెట్టుబడి కోసం 1890లో ఇతర భాగస్వాములతో కలిసి డైమ్లర్ మోటారు సంస్థను స్థాపించాడు. ఒకేచోట పనిచేసే ఇంజన్ల అమ్మకంపైనే భాగస్వాములకు ఆసక్తి. డైమ్లర్‌కు వాహనాలపై ఆసక్తి. 1891లో మేబాక్ సంస్థను వీడగా, డైమ్లర్ తన సొంత ధనంతో ఆయన ప్రయోగాలను కొనసాగింపజేశాడు. చివరకు తన వాటాలను, హక్కులను కూడా వదులుకోవలసి వచ్చింది. అంతకుముందే, 1889లో, ఎమ్మా మరణించింది. ఆయనకు గుండెజబ్బు కూడా సోకింది. 1893లో లీనా హార్ట్‌మన్‌ను వివాహమాడాడు. మేబాక్ రూపొందించిన కొత్త ఇంజను పేరు పొందడంతో పరిస్థితి మారింది. ఇంగ్లండుకు చెందిన వ్యాపారి ఫ్రెడరిక్ సిమ్స్ ఆ ఇంజను హక్కులకు 3,50,000 మార్కులు ఇవ్వడానికి ముందుకొచ్చి, డైమ్లర్‌ను తిరిగి తీసుకోవాలని షరతు పెట్టాడు. ఆ విధంగా 1895లో డైమ్లర్, మేబాక్ ఇద్దరూ సంస్థలోకి తిరిగి వచ్చారు.

మరణం, వారసత్వం

1900 మార్చి 6న డైమ్లర్ కాన్‌స్టాట్‌లో మరణించాడు. ఆ తరువాత కొద్దికాలానికే మేబాక్ రూపొందించిన మెర్సిడెస్ కారు సంస్థకు ఖ్యాతి తెచ్చింది. 1926లో డైమ్లర్, బెంజ్ సంస్థలు విలీనమై డైమ్లర్-బెంజ్ ఏర్పడింది. కాన్‌స్టాట్ తోటలోని ప్రయోగశాలను స్మారక మందిరంగా పరిరక్షించారు.